గ్లూటెన్ లేని పై క్రస్ట్: విరగకుండా, గుల్లగా రావాలంటే

పిండి పొరలో పండ్లో, కస్టర్డో నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం పేరు ‘పై’, ఆ పిండి పొరే క్రస్ట్. గోధుమ పిండితో పై క్రస్ట్ చేయడం అలవాటైన చేయి, గ్లూటెన్ లేని పిండి దగ్గరికి వచ్చేసరికి మొదట తడబడుతుంది. ముద్ద పొడిపొడిగా రాలిపోతుంది, ఒత్తుతుంటే అంచులు చిట్లుతాయి, ఎత్తబోతే రెండు ముక్కలవుతుంది. లోపం మీ చేతిలో లేదు. గోధుమ ముద్దకు పనికొచ్చే నియమాలు ఇక్కడ సగానికి సగం తిరగబడతాయి. అవేమిటో తెలిస్తే, గ్లూటెన్ లేని క్రస్టే ఒక రకంగా తేలిక.

గోధుమలో గ్లూటెనిన్, గ్లియాడిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగలగానే అవి కలిసి సాగే వలలా అల్లుకుంటాయి. ఆ వలే గ్లూటెన్. ముద్ద చిరగకుండా పట్టి ఉంచేది అదే. ఎక్కువ పిసికితే క్రస్ట్‌ను తోలులా సాగేలా చేసేదీ, ఓవెన్‌లో అంచుల్ని లోపలికి లాగేసేదీ అదే. అందుకే గోధుమ క్రస్ట్‌కు ‘తక్కువ తాకండి, తక్కువ నీళ్లు పోయండి’ అంటారు. ఇక్కడ వలే లేదు కాబట్టి ఎంత తాకినా క్రస్ట్ సాగదు. ముక్కలు మళ్లీ కలిపి ఒత్తినా పాడవదు. అయితే ముద్దను పట్టి ఉంచే పని వేరే పదార్థాలకు అప్పగించాలి, పిండికి నీళ్లు పీల్చుకునే సమయం ఇవ్వాలి, వెన్న కరగకుండా చూడాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ మూడింటిలో ఏదో ఒక దాని కోసమే.

కావలసినవి

ఈ కొలతలు 23 సెంటీమీటర్ల (9 అంగుళాల) పై పళ్లెంలో ఒక అడుగు పొరకు సరిపోతాయి. పైన మూత కూడా కావాలంటే అన్నీ రెట్టింపు చేయండి.

సన్నటి బియ్యప్పిండి – 80 గ్రాములు
జొన్న పిండి – 50 గ్రాములు
టాపియోకా స్టార్చ్ (కర్రపెండలం పిండి) – 50 గ్రాములు
జాంతన్ గమ్ – 2 గ్రాములు (ముప్పావు టీస్పూన్)
చక్కెర – 12 గ్రాములు (1 టేబుల్ స్పూన్)
ఉప్పు – 3 గ్రాములు (అర టీస్పూన్)
ఉప్పు లేని వెన్న, బాగా చల్లటిది – 115 గ్రాములు
గుడ్డు – 1, చల్లటిది
వెనిగర్ లేదా నిమ్మరసం – 1 టీస్పూన్
ఐస్ నీళ్లు – 1 నుంచి 3 టేబుల్ స్పూన్లు

ఉప్పు ఉన్న వెన్నే దొరికితే విడిగా ఉప్పు వేయకండి. లోపల కూరగాయలో, చీజో పెట్టే పై అయితే చక్కెర ఒక టీస్పూన్ చాలు. పూర్తిగా మానేస్తే క్రస్ట్ రంగు తిరగడం ఇంకా ఆలస్యమవుతుంది.

పిండిని కప్పులతో కొలవకండి. బియ్యప్పిండిని కప్పులో వదులుగా నింపినప్పటి బరువుకూ, అదిమి నింపినప్పటి బరువుకూ చాలా తేడా ఉంటుంది. ఇంత చిన్న మొత్తంలో 20 గ్రాములు ఎక్కువైనా ముద్ద రాలిపోతుంది, ఆ తప్పును తర్వాత నీళ్లతో దిద్దలేరు. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు తప్పనిసరి.

ఏ పిండి ఎందుకు

మూడు పిండులు కలపడం రుచికోసం మాత్రమే కాదు. బియ్యప్పిండి గుల్లదనం ఇస్తుంది. ఒక్కటే వాడితే మాత్రం క్రస్ట్ ఇసకలా పంటికింద తగులుతుంది. జొన్న పిండిలో కాస్త ప్రొటీన్ ఉంటుంది కనుక రంగు బాగా వస్తుంది, ధాన్యపు రుచీ తెలుస్తుంది. టాపియోకా స్టార్చ్ ముద్దకు కొద్దిగా సాగే గుణం ఇచ్చి చిట్లకుండా కాపాడుతుంది. ఇది మరీ ఎక్కువైతే కాలిన క్రస్ట్ రబ్బరులా నమలాల్సి వస్తుంది. మొత్తం పిండిలో మూడో వంతు దాటనివ్వకండి. టాపియోకా దొరకనప్పుడు మొక్కజొన్న స్టార్చ్ వాడవచ్చు. క్రస్ట్ ఇంకా గుల్లగా వస్తుంది, కానీ ముద్దకు సాగే గుణం తగ్గి ఒత్తడం కొంచెం కష్టమవుతుంది.

బియ్యప్పిండి ఎంత సన్నగా ఉందో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. గరుకు తగిలితే ఆ గరుకు క్రస్ట్‌లోనూ ఉంటుంది. ఎంత మంచి కొలతలైనా దాన్ని దాచలేవు. జల్లెడలో గరుకు మిగిలితే దాన్ని తీసేసి, తగ్గినంత పిండి మళ్లీ తూచి కలపండి.

జాంతన్ గమ్ గ్లూటెన్ చేసే అతుకు పనిని చాలావరకు చేస్తుంది. కొలత చిటికెడు పెరిగినా క్రస్ట్ జిగటగా మారుతుంది. దుకాణంలో కొన్న గ్లూటెన్ రహిత పిండి మిశ్రమం వాడుతుంటే ముందు ప్యాకెట్ వెనక చదవండి. చాలా మిశ్రమాల్లో ఈ గమ్ ముందే కలిపి ఉంటుంది. అలాంటప్పుడు మళ్లీ వేయకండి.

గమ్ పడనివాళ్లు, గుడ్డు తిననివాళ్లు ఇసబ్గోల్ పొట్టును మెత్తగా పొడి చేసి 5 గ్రాములు తీసుకోండి. దాన్ని 60 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో కలిపి ఐదు నిమిషాలు ఉంచితే జెల్లీలా గట్టిపడుతుంది. దాన్ని గమ్‌కూ గుడ్డుకూ బదులుగా వేయండి. ముద్ద చక్కగా వంగుతుంది. ఒత్తడానికైతే గమ్ కంటే ఇదే మంచిది. కాలాక మాత్రం ఇది గుడ్డు వేసిన క్రస్టంత గట్టిగా నిలవదు, రంగూ కాస్త తక్కువే.

వెన్నలో నూటికి 80 పాళ్లు కొవ్వు, మిగిలిన దానిలో చాలావరకు నీళ్లు. ఓవెన్ వేడికి ఆ నీళ్లు ఆవిరై పిండి పొరలను విడదీస్తాయి. క్రస్ట్ పొరలు పొరలుగా వచ్చేది అందుకే. నెయ్యిలో నీళ్లు లేవు కాబట్టి నెయ్యితో క్రస్ట్ బిస్కెట్‌లా గుల్లగా వస్తుంది కానీ పొరలు రావు. పాల పదార్థాలు పనికిరానివాళ్లు గడ్డకట్టిన కొబ్బరినూనె 95 గ్రాములు వాడవచ్చు. అది 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రాయిలా బిగుసుకుంటుంది. అందుకని ఆ ముద్దను ఒత్తే ముందు వెన్న ముద్ద కంటే ఎక్కువసేపు బయట ఉంచాలి.

సీలియాక్ ఉన్నవారికి చేస్తుంటే

ఈ భాగం దాటేయకండి. సీలియాక్ అంటే గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే వ్యాధి. అది ఉన్నవారికి తిండిలో గోధుమ పిండి దుమ్ము కొంచెం కలిసినా పేగులకు హాని. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ లెక్క ప్రకారం ‘గ్లూటెన్ రహితం’ అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. గోధుమ ఆడించిన మరలోనే ఆడించిన బియ్యప్పిండి, జొన్న పిండి ఈ హద్దులో ఉంటాయని నమ్మలేం. గ్లూటెన్ రహితమని ముద్రించిన ప్యాకెట్లే కొనండి. గోధుమ పిండి ఒత్తిన చెక్క అప్పడాల కర్ర, చెక్క పలక, పాత జల్లెడ వాడకండి. చెక్క గీతల్లో, జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పిండి కడిగినా పూర్తిగా పోదు. అదే రోజు అదే వంటింట్లో గోధుమ పిండి కలపడమూ వద్దు. గాల్లో తేలిన పిండి చాలాసేపటి వరకు గిన్నెల మీద దిగుతూనే ఉంటుంది.

ముద్ద కలపడం

ముందుగా వెన్నను సెంటీమీటరు ముక్కలుగా కోసి, పళ్లెంలో విడివిడిగా పరిచి పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. గది వేడిగా ఉంటే కలిపే గిన్నెను, పిండిని కూడా ఫ్రిజ్‌లో పెట్టండి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, మెత్తబడటం మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. అరచేతి వేడి చాలు దానికి.

మూడు పిండులు, గమ్, చక్కెర, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. జల్లించకపోతే గమ్ ఒకచోట గుంపుగా ఉండిపోతుంది. అక్కడ క్రస్ట్ జిగురుగా, మరోచోట పొడిగా వస్తుంది.

ఇప్పుడు వెన్న ముక్కలు పిండిలో వేసి, అన్నింటికీ పిండి అంటేలా కదపండి. ఒక్కో ముక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నాణెంలా చదును చేయండి. అరచేతులతో పిసకకండి, వేలి కొసలే చాలు. అన్నీ చదునయ్యాక మరో నిమిషం పాటు తేలిగ్గా నలపండి. గిన్నెలో సగం రొట్టెపొడిలా, సగం బఠాణీ గింజంత ముక్కలుగా ఉండాలి. అంతా సన్నటి పొడిగా మారేదాకా నలిపితే పొరలు రావు. మరోవైపు, పెద్ద ముక్కలు వదిలేస్తే అవి ఓవెన్‌లో కరిగి క్రస్ట్‌లో కన్నాలు పడతాయి. మధ్యలో వెన్న వేళ్లకు అంటుకుని మెరుస్తుంటే ఆపేసి, గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

గుడ్డు, వెనిగర్, ఒక టేబుల్ స్పూన్ ఐస్ నీళ్లు కలిపి గిలక్కొట్టి, పిండి మీద అంతటా పడేలా పోసి ఫోర్కుతో కలపండి. గోధుమ ముద్దలో వెనిగర్ వేసేది గ్లూటెన్ బిగుసుకోకుండా ఉండాలని చెబుతారు. ఇక్కడ ఆ అవసరం లేదు. వెన్న బరువును కొంచెం విరిచి రుచి తేటపరచడానికే వేస్తున్నాం. లేకపోతే మానేయవచ్చు.

గుప్పెడు తీసి పిడికిలి బిగించి చూడండి. పట్టు తెరిచాక ముద్దగా నిలిచి, మధ్యలో వంచినప్పుడు చిట్లకుండా ఉంటే సరిపోయినట్టు. రాలిపోతుంటే ఒక్కో టీస్పూన్ నీళ్లు చల్లుతూ, ప్రతిసారీ కలిపి పరీక్షించండి. గోధుమ ముద్దకైతే ‘ఇక చాలు’ అనిపించే చోట ఇక్కడ మరో టీస్పూన్ పోయాలి. బియ్యప్పిండి నీళ్లు పీల్చుకోవడం చాలా నెమ్మది. ఇప్పుడు సరిగ్గా ఉందనిపించిన ముద్ద గంట తర్వాత ఎండిపోతుంది. కాస్త తడిగా, వేలికి అంటీ అంటనట్టు ఉండటమే సరైన స్థితి. చిట్లిపోయిన క్రస్టుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోట భయపడి నీళ్లు తగ్గించినవే.

ముద్దను దగ్గరికి చేసి, రెండున్నర సెంటీమీటర్ల మందంలో గుండ్రటి బిళ్ళలా అదమండి. అంచుల్లో పగుళ్లుంటే ఇప్పుడే వేళ్లతో నొక్కి పూడ్చండి. లేకపోతే ఒత్తేటప్పుడు ఆ పగుళ్లే మధ్యదాకా పాకుతాయి. గాలి తగలకుండా చుట్టి, కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది, ఇసక తగిలే గుణం బాగా తగ్గుతుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు నిల్వ ఉంటుంది. ఫ్రీజర్‌లోంచి తీసింది ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి కరగనివ్వండి.

ఒత్తడం, పళ్లెంలోకి చేర్చడం

ఫ్రిజ్‌లోంచి తీసి పది, పదిహేను నిమిషాలు బయట ఉంచండి. నొక్కితే వేలి గుర్తు పడాలి కానీ వేలు దిగిపోకూడదు. గట్టిగా ఉండగానే కర్ర ఆనిస్తే అంచులన్నీ పగులుతాయి.

పొడి పిండి చల్లి బల్ల మీద ఒత్తకండి. ఆ పొడి పిండి ముద్దలో తడిని లాగేసి దాన్ని మరింత పెళుసు చేస్తుంది. ఓవెన్‌లో వాడే పార్చ్‌మెంట్ కాగితాలు రెండు తీసుకుని, వాటి మధ్య ముద్ద పెట్టి ఒత్తండి. మధ్య నుంచి బయటికి ఒత్తుతూ, ప్రతిసారీ పావు వంతు తిప్పండి. నాలుగైదు ఒత్తులకు ఒకసారి పై కాగితం ఒలిచి మళ్లీ పరచండి, తర్వాత బోర్లించి రెండో కాగితాన్నీ అలాగే చేయండి. కాగితం ముడతలు ముద్దలో పడితే అవే తర్వాత చీలికలవుతాయి.

పొరలు బాగా రావాలంటే ఇక్కడ ఒక మంచి పని చేయవచ్చు. ముద్దను పొడవుగా 30 సెంటీమీటర్ల దాకా ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేయండి. అడ్డం తిప్పి మళ్లీ ఒత్తి మరోసారి మడవండి. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాకే చివరి గుండ్రం ఒత్తండి. గోధుమ ముద్దను ఇన్నిసార్లు ఒత్తితే బిగుసుకుపోతుంది, ఇది బిగుసుకోదు. మడతలతో వెన్న పొరలూ పెరుగుతాయి, ముద్దకు పట్టూ పెరుగుతుంది. ఓపిక ఉన్నప్పుడల్లా చేయదగిన పని.

చివరకు 30 సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం రావాలి. మూడుకు తగ్గితే ఎత్తేటప్పుడు చిరుగుతుంది. ఐదు దాటితే లోపల పచ్చిగా ఉండిపోతుంది.

పై కాగితం తీసేసి, పళ్లెం బోర్లించి మధ్యలో ఆనించండి. కింద కాగితం అడుగున అరచెయ్యి పెట్టి, రెండింటినీ ఒక్కసారిగా తిప్పండి. ముద్ద పళ్లెంలోకి జారాక ఇంకా కాగితం ఒలవకండి. ముందు అంచులు ఎత్తి మూలలోకి దించండి. సాగదీసి నొక్కితే పల్చబడి చిరుగుతుంది, వదులుగా దిగనివ్వాలి. తర్వాత నెమ్మదిగా కాగితం ఒలవండి. కాగితం రాకపోతే వెన్న మెత్తబడిందని అర్థం. అలాగే పళ్లెంతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, తర్వాత వచ్చేస్తుంది.

ఎక్కడైనా చిరిగితే కంగారు పడకండి. అంచుల్లో మిగిలిన ముక్క తీసి, తడి వేలితో అతికించి నునుపు చేయండి. ఈ ముద్దలో అతుకు కనబడదు. అంచును రెండు సెంటీమీటర్లు బయటికి వదిలి మిగతాది కత్తిరించి, ఆ భాగాన్ని కిందికి మడిచి వేళ్లతో నొక్కులు పెట్టండి. మరీ సన్నటి అలంకారాలు ఓవెన్‌లో నిలవవు, పెద్ద నొక్కులే పెట్టండి. ఇప్పుడు పళ్లెంతో సహా ముప్పై నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి. ఈ చలి తప్పితే పిండి గట్టిపడేలోపే వెన్న కరిగి, గోడలు కిందికి జారిపోతాయి. గాజు పళ్లెం అయితే ఫ్రీజర్ వద్దు, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకట్టిన గాజు వేడి ఓవెన్‌లో పగిలిపోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు లోహపు పళ్లెం వాడితే అడుగు త్వరగా కాలుతుంది.

ఏమీ నింపకుండా ముందు కాల్చడం

ఓవెన్‌ను 200 డిగ్రీలకు వేడి చేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌కు 180 చాలు. కింది అరలో ఒక లోహపు ట్రే కూడా ముందే వేడెక్కనివ్వండి. పళ్లెం దాని మీద పెడితే అడుగుకు వెంటనే వేడి తగులుతుంది.

క్రస్ట్ మీద నలిపి మెత్తబరిచిన పార్చ్‌మెంట్ కాగితం పరిచి, ఎండు గింజలో బియ్యమో అంచులదాకా నింపండి. సగమే నింపితే గోడలకు ఆసరా ఉండదు. లోగడ గోధుమ క్రస్ట్‌కు వాడిన గింజల్ని దీనికి వాడకండి. ఇరవై నిమిషాలు కాల్చి, అంచులు గట్టిపడ్డాక గింజలు, కాగితం జాగ్రత్తగా తీసేయండి. ఈ దశలో కాగితం అతుక్కుంటే మరో మూడు నిమిషాలు ఉంచండి.

తర్వాత ఎంతసేపన్నది లోపల పెట్టేదాన్ని బట్టి ఉంటుంది. కస్టర్డ్ లాంటి, మళ్లీ ఓవెన్‌లో కాలే పదార్థమైతే మరో ఎనిమిది నుంచి పది నిమిషాలు. మళ్లీ కాల్చని క్రీమ్ నింపేట్టయితే పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు, అడుగు కూడా లేత గోధుమరంగు తిరిగేదాకా. ఈ క్రస్ట్ గోధుమ క్రస్ట్ కంటే నెమ్మదిగా రంగు తిరుగుతుంది. రంగు రాలేదని మంట పెంచకండి, సమయమే పెంచండి. అంచులు ముందే ఎర్రబడుతుంటే వాటి మీద అల్యూమినియం రేకు కప్పండి.

తడి పదార్థం పోయబోతుంటే, వేడి క్రస్ట్ లోపల గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన పలచగా రాసి రెండు నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి. సన్నటి పగుళ్లు మూసుకుంటాయి, అడుగు త్వరగా నానదు.

పచ్చి పండ్ల ముక్కలు నింపి మూత వేసే పైకి ఇలా ముందు కాల్చక్కర్లేదు. వేడి ట్రే మీద 200 డిగ్రీల దగ్గర ఇరవై ఐదు నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి మరో ముప్పై ఐదు నుంచి నలభై ఐదు నిమిషాలు కాల్చండి. మధ్యలో రసం బుడగలు వస్తేనే లోపలి స్టార్చ్ చిక్కబడినట్టు. మూతను పిండి పట్టీలతో జాలీలా అల్లుకోవాలని ఉంటే పట్టీలు రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా కోసి, అల్లే ముందు చల్లబరచండి. ఆకులో, నక్షత్రాలో కోసి ఒకదానిమీద ఒకటి ఆనేలా పేర్చడం అంతకన్నా సులువు. అవి విరగవు, చూడటానికీ బాగుంటాయి.

ఓవెన్ నుంచి తీసిన వెంటనే కోస్తే ఎంత మంచి క్రస్టైనా రాలిపోతుంది. కరిగిన వెన్న, స్టార్చ్ మళ్లీ బిగుసుకోవాలి. పండ్ల పైకి మూడు గంటలు, ఖాళీ క్రస్ట్‌కు కనీసం గంట చల్లారనివ్వండి.

తేడా వచ్చినప్పుడు

కాలిన క్రస్ట్ నోట్లో ఇసకలా ఉందంటే పిండి గరుకైనా అయి ఉండాలి, ముద్ద నానిన సమయమైనా చాలక పోయి ఉండాలి. నమిలితే జిగురుగా ఉంటే గమ్ లేదా టాపియోకా ఎక్కువైంది, లేదా అడుగు పచ్చిగా ఉంది. గోడలు జారిపోతే ఫ్రీజర్ సమయం తగ్గింది, లేదా ఓవెన్ సరిగ్గా వేడెక్కకముందే పెట్టారు. ఓవెన్ గుండీ చూపించే వేడికీ లోపలి వేడికీ తేడా ఉండటం మామూలే, లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి ఉంచుకోండి. పళ్లెంలో వెన్న మడుగు కట్టిందంటే కలిపేటప్పుడే వెన్న కరిగి పిండిలో ఇంకిపోయింది. రాయిలా గట్టిగా ఉంటే వెన్న తగ్గింది, లేదా సన్నటి పొడిగా నలిగిపోయింది.

మిగిలిన పైని ఫ్రిజ్‌లో పెడితే క్రస్ట్ మర్నాటికి బిరుసెక్కుతుంది. చల్లబడిన కొద్దీ బియ్యపు స్టార్చ్ గట్టిపడటం దాని స్వభావం. పండ్ల పై అయితే 160 డిగ్రీల దగ్గర ఎనిమిది, పది నిమిషాలు వేడి చేస్తే మళ్లీ గుల్లబారుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడుతుంది. ఏమీ నింపని కాలిన క్రస్ట్‌ను మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే రెండు రోజులు బయటే బాగుంటుంది. నింపే ముందు ఐదు నిమిషాలు వేడిచేసి, చల్లారాక నింపండి.